ఎన్నారై సందేహాలు: పాత బ్రిటిష్ సింగిల్స్ కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: అన్నా, కోవెంట్రీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ద జామ్, ద స్పెషల్స్ బ్యాండ్ల పాటలంటే ప్రాణం. ఇక్కడి ఛారిటీ షాపుల్లో వాళ్ళ సింగిల్స్, అంటే వైపుకో పాటుండే చిన్న రికార్డులు, కనిపిస్తున్నాయి. ఒకే రికార్డు ఒకచోట రెండు పౌండ్లు, ఆన్‌లైన్‌లో ఇరవై. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఈ సరదాకి నువ్వున్న ఊరికంటే మంచి ఊరు దొరకడం కష్టం. స్పెషల్స్ కోవెంట్రీ వాళ్ళే. 1979లో ఆ బ్యాండ్‌లో కీబోర్డు వాయించే జెర్రీ డామర్స్ టూ టోన్ రికార్డ్స్ అనే లేబుల్ (రికార్డుల కంపెనీ) మొదలుపెట్టింది అక్కడే. ఆ లేబుల్ మొదటి సింగిల్‌కి ఒకవైపు స్పెషల్స్ పాట ‘గ్యాంగ్‌స్టర్స్’, రెండోవైపు సెలెక్టర్ అనే బ్యాండ్ పేరుతో వచ్చిన పాట. తొలి కాపీలు రబ్బరు స్టాంపు కొట్టిన సాదా కవర్లలో వచ్చాయి. ఆ తర్వాతే సూటూ టోపీ వేసుకున్న మనిషి బొమ్మా, నలుపు తెలుపు గళ్ళూ ఉన్న కవర్లు మొదలయ్యాయి. పాట అదే అయినా స్టాంపు కవరుకి ధర ఎక్కువ. కానీ రబ్బరు స్టాంపు ఎవరైనా చేయించుకోగలరు కదా, కవరు ఒక్కటే చూసి డబ్బులిచ్చేయకు.

నువ్వు చూసిన ధరల తేడాకి సగం కారణం ఇదే: పాట ఒకటే, ప్రెస్సింగులు (ఒక్కో విడతలో అచ్చు వేసిన కాపీలు) వేరు. పాట అయిపోయాక గాడులకీ, నడిమధ్య పేర్లు రాసి ఉండే గుండ్రటి లేబుల్‌కీ మధ్య నున్నటి జాగా ఉంటుంది చూడు, అక్కడ చెక్కిన నంబరు చదవడం ముందు నేర్చుకో. దాన్ని డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో పోల్చి చూస్తే ఆ కాపీ ఏ ప్రెస్సింగో చాలావరకు తేలిపోతుంది. కొన్నింటి మీద ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని కూడా కనిపిస్తుంది. అది జార్జ్ పెక్‌హామ్ అనే కటింగ్ ఇంజనీరు (మూల డిస్కు మీద పాటని గాడులుగా చెక్కే మనిషి) సంతకం. మొదటిసారి దాన్ని చూసినప్పుడు కలిగే ఆనందం ఫోన్‌లో పాట వింటే రాదు.

బజ్‌కాక్స్ బ్యాండ్ తెచ్చిన ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డు సంగతే తీసుకో. మాంచెస్టర్ కుర్రాళ్ళు అప్పు తెచ్చి, సొంత లేబుల్ పెట్టి, 1977 జనవరిలో వెయ్యి కాపీలతో విడుదల చేశారు. పెద్ద కంపెనీ లేకుండా రికార్డు తేవచ్చని ఇంకెందరికో ధైర్యమొచ్చింది దాని వల్లే. 1979లో మళ్ళీ వేసినప్పుడు కవరు మీద ఆ బ్యాండ్ తొలి గాయకుడు హవర్డ్ డెవోటో పేరు చేర్చారు. ఆ పేరున్న కాపీకి తొలి ప్రెస్సింగు ధర చెబితే మారుమాట లేకుండా వచ్చెయ్.

జామ్ విషయంలో టెన్షనే వద్దు. 1980లో ‘గోయింగ్ అండర్‌గ్రౌండ్’ విడుదలవుతూనే నేరుగా నంబర్ వన్ అయింది. అంత అమ్ముడుపోయిన రికార్డుకి కొరత ఎందుకుంటుంది? మామూలు కాపీకి ఇరవై పౌండ్లు పెట్టకు. తొలి కాపీలతో లైవ్ పాటల రికార్డు ఇంకోటి కలిపి ఇచ్చారు. రెండూ, కవరుతో సహా బాగుంటే అప్పుడు కాస్త ఎక్కువ ఇవ్వొచ్చు. పాల్ వెల్లర్ నడిపిన ఈ జామ్ బృందం 1982లో విడిపోయాక పాత సింగిల్స్ అన్నీ మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయి, అదీ గుర్తుంచుకో.

1960ల అసలు మోడ్ (టిప్‌టాప్ సూట్లూ, సోల్ సంగీతమూ ఇష్టపడే అప్పటి కుర్రకారు ధోరణి) బ్యాండ్ల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. స్మాల్ ఫేసెస్, ద యాక్షన్, ద క్రియేషన్ లాంటివాళ్ళ సింగిల్స్ బ్రిటన్‌లో బొమ్మల కవర్లతో రాలేదు, కంపెనీ పేరున్న మామూలు కాగితం కవర్లలోనే వచ్చాయి. బొమ్మ కవరు కనిపిస్తే అది వేరే దేశపు కాపీనో, తర్వాత వేసిందో అయ్యుంటుంది. ద హూ బ్యాండ్ 1964లో హై నంబర్స్ పేరుతో ఫోంటానా లేబుల్ మీద తెచ్చిన సింగిల్ వెయ్యి కాపీల దాకానే వేశారట. దానికి నకిలీలు కూడా ఉన్నాయి. చదువుకునే రోజుల్లో అలాంటివాటి జోలికి పోవద్దు. రేపు ధర పెరుగుతుందని కొనడం నాకు అసలు నచ్చదు. వినాలనిపించేదే కొను.

కొనేముందు రికార్డుని వెలుతురు కింద వాలుగా పట్టుకుని చూడు. పైపైన సన్నటి గీతలుంటే ఫరవాలేదు. గోటికి తగిలే గీత ఉంటే సూది ఎగరొచ్చు. అమ్మేవాళ్ళు రాసే ‘వెరీ గుడ్’ అంటే బాగా వాడినది, చిటపటలు వినిపిస్తాయి అని అర్థం చేసుకో. ఆ పైది ‘ఎక్సలెంట్’, అది చాలు నీకు. మధ్య ముక్క ఊడిపోయి పెద్ద రంధ్రం ఉందా? నాణెం వేస్తే పాటలు పాడే జ్యూక్‌బాక్స్ కోసం తీసేసి ఉంటారు. చవకగా దొరికే అడాప్టర్ పెడితే మామూలుగానే పాడుతుంది, కానీ ధర తగ్గించమని అడుగు.

ఆదివారం పొద్దున్నే కార్ బూట్ సేల్స్‌కి (జనం కారు డిక్కీల్లో పాత సామాను తెచ్చి అమ్మే సంతలకి) వెళ్ళు. రికార్డ్ ఫెయిర్లలో అమ్మే పెద్దవాళ్ళని పలకరించు. వాళ్ళలో చాలామంది కుర్రతనంలో ఆ బ్యాండ్లని స్టేజి మీద చూసినవాళ్ళే, అడిగితే గంటలకొద్దీ చెబుతారు. ఆన్‌లైన్‌లో అయితే వ్యాపారి దగ్గర కొను. వస్తువు అందాక 14 రోజుల్లోగా వద్దనుకునే హక్కు నీకుంటుంది, సొంతానికి అమ్ముకునే వ్యక్తుల దగ్గర ఆ హక్కు ఉండదు.

సూట్‌కేస్ ఆకారంలో వచ్చే చవక ప్లేయర్ వద్దు, దాని సూది బరువుకి గాడులు అరిగిపోతాయి. సూది బరువు సరిచేసుకునే వీలున్న పాత టర్న్‌టేబుల్ చూసుకో. షేరింగ్ రూమ్‌లో రికార్డుల్ని రేడియేటర్ పక్కన పెట్టకు, ఒకదానిమీద ఒకటి పేర్చకు, నిలబెట్టు. ఇండియాకి తీసుకెళ్తే చేతి సామానులోనే పెట్టుకో. ఇంటికెళ్ళాక అటక మీద మాత్రం పెట్టనివ్వకు, మన ఎండాకాలానికి వంకరపోతాయి.