బాల్కనీలో పావురం గుడ్లు పెట్టింది, గూడు తీసేస్తే కేసవుతుందా?

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో మాది నాలుగో అంతస్తు, సొంత ఫ్లాట్. వెనకవైపు చిన్న బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పావురాలు గూడు కట్టి రెండు గుడ్లు పెట్టాయి. మేం చూసి పది రోజులైంది. మా మామగారికి డెబ్బై రెండేళ్లు. ముందునుంచీ ఆయాసం ఉంది, ఈ రెట్టలు, ఈకల వల్ల ఇప్పుడు దగ్గు కూడా ఎక్కువైంది. పై ఫ్లాట్ ఆయన రోజూ పొద్దున్నే పిట్టగోడ మీద గింజలు పోస్తారు. ఇన్ని పావురాలు చేరడానికి కారణం అదే. నెట్ కట్టించుకుంటామంటే బిల్డింగ్ అందం పోతుందని అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. గూడు తీసేస్తే కేసు పెడతానని పై ఆయన అంటున్నారు. వాచ్‌మన్ అయితే మందు పెడితే రెండు రోజుల్లో పీడ వదులుతుందంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. చట్టం ఏం చెబుతోంది?

జవాబు: ముందుగా వాచ్‌మన్ మాట. ఆ మందు ఆలోచన ఈ రోజే మానేయండి, అతనికి కూడా గట్టిగా చెప్పండి. జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే, కాబట్టి పావురం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. హానిచేసే పదార్థం తినిపించడం, క్రూరంగా చంపడం ఆ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరాలు. ఆ చట్టంలో జరిమానా మరీ తక్కువ, మొదటిసారికి యాభై రూపాయలు దాటదు. అది విని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ పోలీసులు అక్కడితో ఆగాలని లేదు. జంతువును చంపినా, విషం పెట్టినా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం)లోని 325వ సెక్షన్ కూడా చేర్చవచ్చు. దాని కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. మందు పెట్టింది వాచ్‌మనే అయినా, పెట్టమన్నది మీరైతే మీరూ ముద్దాయే. పావురాలు అంటుకుపోయేలా జిగురు పూయడం కూడా ఇలాంటిదే. ఆ జిగురుకు పిచ్చుకలు, చిన్న పిట్టలు కూడా అతుక్కుని గిలగిలా కొట్టుకుని చస్తాయి. అది చూసినవాళ్లెవరూ రెండోసారి ఆ పని చేయరు.

ఇక మీ అసలు ప్రశ్న, గూడు తీయవచ్చా అన్నది. గుడ్లు ఉండగా తీయకండి.

ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఈ విషయంలో పాత సలహాలు చాలా చలామణిలో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ‘వేట’ అంటే తుపాకీతో కొట్టడం ఒక్కటే కాదు. పక్షుల విషయంలో గుడ్లు పాడుచేయడం, గుడ్లనుగానీ గూళ్లనుగానీ కదిలించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అయితే ఆ నిషేధం షెడ్యూళ్లలో, అంటే చట్టానికి జతచేసిన జాబితాల్లో, ఉన్న జీవులకే వర్తిస్తుంది. పాత నాలుగో షెడ్యూల్‌లో పావురాల జాతులన్నిటినీ చేర్చి, మన ఇళ్ల మీద వాలే నీలి పావురాన్ని మాత్రం మినహాయించారు. ‘పావురానికి చట్టం లేదు, తీసి పారేయండి’ అని ఇప్పటికీ కొందరు చెబుతున్నారంటే దానికి ఆధారం ఆ మినహాయింపే. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. షెడ్యూళ్లను మొత్తం తిరగరాశారు. మినహాయింపు ఉన్న ఆ పాత షెడ్యూల్ ఇప్పుడు లేదు. అందుకే దాన్ని నమ్ముకుని గుడ్లు తీసేయమని నేను ఎవరికీ చెప్పను. ఈ చట్టం కింద మామూలు ఉల్లంఘనకే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. పావురం ఎలుకలాంటిదే కదా అని కూడా కొందరు వాదిస్తారు. ఎలుకలు, చుంచులు, కాకులు, పండ్లు తినే గబ్బిలాలు ఒకప్పుడు హానికర జంతువుల జాబితాలో ఉండేవి. అందులో పావురం ఎప్పుడూ లేదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆగడమే మేలని ఇంకో కారణంతో కూడా చెబుతున్నాను. గుడ్లు పారేస్తే పావురం ఆ చోటు వదిలిపోదు. కొద్ది రోజుల్లో అక్కడే మళ్లీ రెండు గుడ్లు పెడుతుంది. మీరు మళ్లీ తీస్తే మళ్లీ పెడుతుంది. మీ బాధ తీరదు, పైగా తీసిన ప్రతిసారీ పై ఆయన చేతికి ఒక వీడియో దొరుకుతుంది.

పావురం గుడ్లు పిల్లలు కావడానికి 17 నుంచి 19 రోజులు పడుతుంది. మీరు చూసే పది రోజులైంది కాబట్టి వారం, పది రోజుల్లో పొదిగేస్తాయి. తర్వాత పిల్లలు ఎగరడానికి నాలుగైదు వారాలు. అంటే ఈ రోజు నుంచి సుమారు ఆరు వారాలు. ఆయాసంతో ఉన్న పెద్దాయన ఇంట్లో ఉండగా ఆరు వారాలంటే తక్కువేం కాదు, నాకు తెలుసు. కానీ ఆ ఆరు వారాలూ ఊరికే కూర్చోమని అనడం లేదు. మీరు కాగితాలు కదపాల్సింది ఆ రోజుల్లోనే.

మొదటి కాగితం డాక్టర్ దగ్గర నుంచి రావాలి. మామగారిని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, ఇంట్లో పావురాల గూడు ఉందని నోరు తెరిచి చెప్పండి. దగ్గు, ఆయాసం అని మాత్రమే చెబితే డాక్టరు పాత జబ్బే అనుకోవచ్చు. పావురాల రెట్టల్లో, ఈకల మీద ఉండే ప్రొటీన్లు ఊపిరితిత్తుల్లోకి పోయి హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అనే జబ్బు తెస్తాయి. మొదట్లోనే గుర్తించి వాటికి దూరంగా ఉంటే చాలామందికి నయమవుతుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, అది వెనక్కి రాదు. ఎండిన రెట్టల్లో ఊపిరితిత్తులకు, మెదడు పొరలకు సోకే ఫంగస్ కూడా పెరుగుతుంది. పక్షుల రెట్టలకు, ఈ దగ్గుకు సంబంధం ఉండవచ్చని డాక్టరు రాసిస్తే ఆ చీటీ రేపు అసోసియేషన్‌లోనూ, కోర్టులోనూ మీ వైపు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. ఈలోగా ఆ బాల్కనీ తలుపు మూసే ఉంచండి. ఎండిన రెట్టను చీపురుతో ఊడవద్దు, దుమ్ము లేచి ఇంట్లోకే వస్తుంది. ముందు నీళ్లతో బాగా తడిపి, మాస్కు, గ్లౌజులు వేసుకుని తీయండి. ఆ పని పెద్దాయన చేయకూడదు, చేసేటప్పుడు దగ్గర కూడా ఉండకూడదు. గూడును మాత్రం కదపొద్దు.

ఆయన పరిస్థితి ఆరు వారాలు కూడా ఆగలేనంత విషమంగా ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి అటవీ శాఖ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. మనిషి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు అనుమతి ఇచ్చే అధికారం వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద ఆ శాఖకు ఉంది. అనుమతి వచ్చాకే గూడు జోలికి వెళ్లండి. ఫోన్‌లో ‘కానివ్వండి’ అన్నారని చేయకండి.

నెట్ సంగతికి వద్దాం. మీ సేల్ డీడ్, అసోసియేషన్ బైలాస్ రెండూ తీసి చూడండి. బాల్కనీ మీ ఫ్లాట్ విస్తీర్ణంలో కలిపి ఉంటే లోపలి భాగం మీది. బయటి గోడ ముఖం మాత్రం సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి. కాబట్టి నెట్ ఏ రంగులో ఉండాలి, బయటికి పొడుచుకు రాకూడదు, గోడకు ఎక్కడ మేకులు కొట్టాలి అని అసోసియేషన్ నియమాలు పెట్టవచ్చు. కానీ జబ్బు మనిషి ఉన్న ఇంటికి, డాక్టరు చీటీ చూపించినా, అందం పోతుందనే ఒక్క కారణంతో అసలు వద్దే వద్దనడం నా దృష్టిలో నిలబడే నిర్ణయం కాదు. దూరానికి కనిపించని పారదర్శకమైన నైలాన్ నెట్, బాల్కనీ కమ్మీకి లోపలివైపు కడతామని రాతపూర్వకంగా అడగండి. డాక్టరు చీటీ నకలు జతచేయండి. జవాబు కూడా రాతలోనే ఇవ్వమనండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. లిఫ్టులో సెక్రటరీ కనిపించినప్పుడు నోటిమాటగా అడుగుతారు, ఆయన కాదంటారు, దాంతో ఆరు నెలలు పోతాయి. కాగితం మీద ‘కాదు’ అని రాసి సంతకం పెట్టాల్సి వస్తే చాలా కమిటీలు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాయి. అప్పటికీ కాదంటే సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టించండి. అక్కడా తేలకపోతే, నెట్ కట్టుకోవడానికి అడ్డు రాకుండా ఇంజంక్షన్ (అడ్డుకోవద్దనే కోర్టు ఉత్తర్వు) కోరుతూ సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. నిజం చెప్పాలంటే అంతదూరం వెళ్లే అవసరం తక్కువే వస్తుంది. మీలాగే ఇబ్బంది పడుతున్న ఇళ్లు మీ బిల్డింగ్‌లో ఇంకో నాలుగైనా ఉంటాయి, వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి.

మరి పై ఫ్లాట్ ఆయన. పక్షులకు గింజలు వేయడం దానంతట అది నేరం కాదు. ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం కూడా చెబుతోంది. ఆయన మనసును నేను తప్పుపట్టను. కానీ ఆయన దయ వల్ల వచ్చే రెట్ట మీ ఇంట్లో పడకూడదు. ఎవరి ఆస్తినైనా పక్కవాళ్ల ఆరోగ్యానికి, సుఖానికి అడ్డు రాకుండానే వాడుకోవాలి. దాటితే అది న్యూసెన్స్.

ఇందులో రెండు రకాలున్నాయి. మీ ఒక్క ఇంటికో, రెండిళ్లకో ఇబ్బంది అయితే అది ప్రైవేటు న్యూసెన్స్. దానికి దారి సివిల్ కోర్టు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ కింద ఇకముందు అక్కడ గింజలు పోయకుండా శాశ్వత ఇంజంక్షన్, వైద్యానికైన ఖర్చుకు పరిహారం అడగవచ్చు. ఆ గింజలు రోడ్డు మీద, నలుగురూ తిరిగే చోట పడి, పావురాలు గుంపులుగా చేరి దారినపోయేవాళ్లందరికీ ఇబ్బంది అయితే అది పబ్లిక్ న్యూసెన్స్. అప్పుడు మున్సిపాలిటీ శానిటరీ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు దగ్గర పిటిషన్ కూడా వేయవచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 133వ సెక్షన్‌గా ఉండేది. రెండిళ్ల మధ్య తగాదాను తీసుకెళ్లి 152 కింద పెడితే కొట్టేస్తారు, కాబట్టి మీరు రాసిన దాన్నిబట్టి మీకు సివిల్ దారే సరైనది. పిట్టగోడ రోడ్డు వైపు ఉంటే మాత్రం రెండో దారి కూడా చూడవచ్చు.

2025లో ముంబయిలో జరిగింది మీకు పనికొస్తుంది. అక్కడ పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలు 51 దాకా ఉండేవి. ప్రజారోగ్యం పేరుతో వాటిని మూయిస్తుంటే పక్షిప్రేమికులు బాంబే హైకోర్టుకు వెళ్లారు. హైకోర్టు ఆరోగ్యం వైపే మొగ్గింది. నిషేధాన్ని కాదని గింజలు వేసేవాళ్ల మీద కేసులు పెట్టమని జూలై నెలాఖరులో చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు. అది బహిరంగ స్థలాల విషయం, వేరే రాష్ట్రపు హైకోర్టు, కాబట్టి మీ కేసులో అదే ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేను. కానీ పక్షుల మీద కరుణ, మనుషుల ఊపిరి ఎదురెదురుగా నిలబడినప్పుడు కోర్టులు ఎటు చూస్తున్నాయో మీ లాయరు చూపించవచ్చు.

కోర్టు మెట్లు ఎక్కేముందు ఒకసారి మీవారు, మీరు కలిసి పైకి వెళ్లండి. మామగారి రిపోర్టు చూపించి, ఆ గింజలు మనుషులు లేని ఖాళీ చోటుకు మార్చమని మర్యాదగా అడగండి. తన గింజలకు, కింది ఇంటి దగ్గుకు సంబంధం ఉందని ఆయనకు నిజంగా తెలియకపోవచ్చు. వినకపోతే అదే సంగతి ఉత్తరంగా రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. గింజలు వేస్తున్న ఫొటోలు, మీ బాల్కనీ ఫొటోలు తేదీలతో సహా తీసిపెట్టండి. ఆయన ఫొటో తీసేటప్పుడు ఇంటి లోపలి భాగం పడకుండా జాగ్రత్త, లేకపోతే అదొక కొత్త తగాదా అవుతుంది. కేసు పెడతానన్న బెదిరింపుకు భయపడక్కర్లేదు. మీరు గుడ్లు ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోమనలేదు. అంతవరకు ఆయన కేసుకు కాళ్లు లేవు.

పిల్లలు ఎగిరిపోయిన రోజు మాత్రం ఆలస్యం చేయకండి. ఒక్కోసారి పాత పిల్లలు పూర్తిగా వెళ్లకముందే తల్లి మళ్లీ గుడ్లు పెట్టేస్తుంది, అప్పుడు ఇంకో ఆరు వారాలు. కొత్త గుడ్లు లేవని చూసుకుని, ఖాళీ గూడు ఫొటో తీసి, తడిపి తొలగించి, ఆ రోజే ఏసీ వెనక సందు మూయించండి. నెట్ అనుమతి అప్పటికి చేతిలో ఉండాలంటే దరఖాస్తు ఈ వారమే ఇవ్వాలి. నెట్ కన్ను 5 సెంటీమీటర్లు దాటకూడదు, బిగుతుగా ఉండాలి. వదులుగా వేలాడితే పక్షులు చిక్కుకుని చస్తాయి. కట్టేముందు లోపల పక్షిగానీ పిల్లగానీ లేదని మీరే కళ్లారా చూడండి, పనివాళ్ల మాట మీద వదిలేయకండి. లోపల మూసేసి ఆకలికి చంపినా అది హింస కిందకే వస్తుంది. అగ్నిప్రమాదం లాంటిది జరిగితే లోపల్నుంచి తెరుచుకునేలా ఒక పక్క కొక్కేలు పెట్టించండి.

ఆ తర్వాత ఎక్కడైనా ఒకటి రెండు పుల్లలు కనిపిస్తే అదే రోజు తుడిచేయండి. గూడు రూపం రాకముందు పుల్లలు తీయడం ఇల్లు శుభ్రం చేసుకోవడమే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.