దున్నదూడల పెంపకంలో లాభం ఎక్కడుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మాంసం కోసం దున్నదూడలను పెంచడం గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాకు అయిదెకరాల పొలం ఉంది. అందులో రెండెకరాలకు బోరు నీరు పారుతుంది. మా చుట్టుపక్కల పాడి రైతులు ఏడాది వయసున్న దున్నదూడలను తక్కువ ధరకే వదిలించుకుంటున్నారు. అటువంటివి ఇరవై కొని, పది నెలలు మేపి, మాంసం వ్యాపారులకు అమ్మితే గిట్టుబాటు అవుతుందా?
— ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: అవుతుంది, కానీ మీరు అనుకుంటున్నంత సులువుగా కాదు. దూడ చవకగా దొరికింది కాబట్టి లాభం వస్తుందనుకోవడం ఈ పనిలో దిగేవారందరూ మొదట వేసుకునే లెక్క. అసలు చూడవలసింది, దూడ మీ కొట్టంలో ఉన్న ప్రతి రోజూ ఎంత తిన్నది, ఎంత బరువు పెరిగింది అన్న రెండు సంగతులను. పశువు తిన్న మేతలో మొదటి భాగం దాని ప్రాణం నిలుపుకోవడానికే ఖర్చవుతుంది, ఆ అవసరం తీరాక మిగిలినదే కండగా మారుతుంది. అందువల్ల అర్ధాకలితో మూడేళ్లు సాకిన దూడ, పైకి ఖర్చు లేనట్టు కనిపించినా, కడుపునిండా పది నెలలు మేపిన దూడ కంటే ఖరీదైనది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులోని ధరలు ఉదాహరణకు అనుకున్నవి మాత్రమే. వాటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి. నూట యాభై కిలోల దూడను కిలోకు 90 రూపాయల చొప్పున 13,500 రూపాయలకు కొన్నారనుకుందాం. రోజూ సూపర్ నేపియర్ పచ్చిగడ్డి 12 కిలోలు, వరిగడ్డి లేదా జొన్న చొప్ప రెండున్నర కిలోలు, దాణా కిలోంబావు పెడితే, గడ్డి సొంత పొలంలో పండించుకున్నా, మేత ఖర్చు రోజుకు 52 రూపాయల దాకా వస్తుంది. కూలి, మందులు, పెట్టుబడి మీద వడ్డీ కలిపి మరో 15 రూపాయలు వేసుకుంటే మొత్తం 67 రూపాయలు. ఈ మేతకు మంచి ముర్రా సంకరపు దూడ రోజుకు 550 గ్రాముల వరకు పెరగగలదు. మూడు వందల రోజులకు 165 కిలోలు పెరిగి 315 కిలోలకు చేరుతుంది. బతికున్న పశువు ధర కిలోకు 120 రూపాయలు పలికితే 37,800 రూపాయలు చేతికి వస్తాయి. కొనుగోలు ధర, 20,100 రూపాయల పోషణ ఖర్చు పోగా దూడకు 4,200 రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు దాణా తగ్గించి రోజు ఖర్చును 50 రూపాయలకు దించారనుకోండి. దూడ 250 గ్రాములే పెరుగుతుంది. పది నెలల తరువాత దాని బరువు 225 కిలోలు, అమ్మితే వచ్చేది 27,000 రూపాయలు, మీకు అయిన ఖర్చు 28,500 రూపాయలు. రోజుకు 17 రూపాయలు ఆదా చేసి చివరకు నష్టపోయారన్నమాట. మొదటి లెక్కలో కూడా ఒక సంగతి గమనించండి: కిలో బరువు పెంచడానికి అయిన ఖర్చు దాదాపు 122 రూపాయలు, అమ్మిన ధర 120. అంటే మీకు మిగిలినది మేపడంలో కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడాలోనే. మేపడంలో కూడా మిగలాలంటే దాణా ఖర్చు తగ్గాలి, బరువు మాత్రం తగ్గకూడదు. దానికి ఉన్న దారి పప్పుజాతి పచ్చిమేత. నేపియర్‌తో పాటు అలసంద, హెడ్జ్ లూసర్న్ వంటివి వేసుకుని, నేపియర్‌ను ముదరనివ్వకుండా 45 రోజులకు ఒకసారి కోసి, ముక్కలుగా నరికి పెడితే దాణాలో కొంత తగ్గించుకోవచ్చు. ఇరవై దూడలకు రోజుకు 12 కిలోల లెక్కన ఏడాదికి దాదాపు 88 టన్నుల పచ్చిగడ్డి కావాలి. నీరు, పేడ ఎరువు బాగా అందిన ఎకరం నేపియర్ ఆ అవసరం తీర్చగలదు. కాబట్టి మీ రెండెకరాలు చాలు. గడ్డి, చొప్ప కూడా కొనుక్కోవలసిన రైతు మాత్రం ఈ పని పెట్టుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఇరవైలో ఒక్క దూడ నడిమధ్యలో చనిపోతే 23,000 రూపాయలకు పైగా పోతాయి, అంటే మరో అయిదారు దూడల మీద వచ్చే లాభం దానితోనే సరిపోతుంది. అందుచేత తెచ్చిన దూడలను కనీసం రెండు వారాలు వేరుగా ఉంచి, నట్టల మందు తాగించి, గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించిన తరువాతే మందలో కలపండి. గొంతువాపు టీకా తొలకరికి ముందే పడాలి. మొదటి విడతలోనే ఇరవై కాకుండా అయిదారింటితో మొదలుపెట్టి, వాటిని కొనేవారెవరో ముందుగా మాట్లాడుకున్న తరువాతే షెడ్డు గురించి ఆలోచించండి.

ప్రశ్న: సంతలో బేరగాళ్లు కంటి అంచనా మీదే ధర కడతారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తేల్చేస్తారు. మా ఊళ్లో కాటా లేదు. బరువు తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: దర్జీ టేపు ఉంటే చాలు. దూడను చదునైన నేల మీద నాలుగు కాళ్లు సమంగా ఆనేటట్టు నిలబెట్టి, ముందుకాళ్లకు వెనుకగా ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో కొలవండి. తరువాత భుజం ఎముక కొస నుంచి తోక పక్కన ఉండే పిర్ర ఎముక కొస వరకు పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోలలో వస్తుంది. చుట్టు 60 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు ఉన్న దూడ 273 కిలోలు తూగుతుందన్నమాట. ఇందులో కొంత తేడా ఉంటుంది, కాబట్టి ఒక్కసారి కొలిచి ధర తేల్చుకోవడానికి ఇది చాలదు. కానీ నెలకొకసారి ఉదయం మేతకు, నీళ్లకు ముందు కొలిచి పుస్తకంలో రాసుకుంటే, పెరుగుతున్న దూడ ఏదో, మేత మింగి ఊరుకుంటున్నది ఏదో తెలిసిపోతుంది. నట్టల మందు వేసి, మేత సరిచేసిన తరువాత కూడా రెండు నెలలు వరసగా పెరగని దూడను ఉంచుకోకండి. బేరగాడి వేళ్లకు మీ పుస్తకమే జవాబు. దూరపు ప్రయాణంలో పశువు బరువు తగ్గుతుంది కాబట్టి, వీలైతే మీ కొట్టం దగ్గరే బేరం ముగించండి.

ప్రశ్న: మాకు ఎనిమిది పాడి గేదెలు ఉన్నాయి. పుట్టిన దున్నదూడలు నెల తిరగకుండానే చనిపోతున్నాయి. కారణం ఏమిటి?
— ఒక మహిళా రైతు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, మీరు మరోలా అనుకోకుండా ఉంటే మొదటి కారణం చెబుతాం. చాలా పాడి కొట్టాలలో దున్నదూడకు తగినన్ని పాలు దక్కవు. రోజుకు రెండు లీటర్ల చొప్పున రెండు నెలలు తాగితే, లీటరు 60 రూపాయల లెక్కన 7,200 రూపాయల పాలు దూడ కడుపులోకి పోతాయి. ఆ లెక్క తెలిసిన రైతు, చేపు కోసం, అంటే గేదె పాలు దింపడానికి, దూడను ఒక్క నిమిషం పొదుగు దగ్గర విడిచి, వెంటనే లాగేస్తాడు. దూడ చనిపోయాక గేదె చేపకపోతే చేపుడు సూది కొడతాడు. దూడ పోతే పోయిందనుకున్నది చివరకు పాల మీద కూడా దెబ్బ కొడుతుంది.

పుట్టిన రెండు గంటల లోపు జున్నుపాలు తాగించండి. ముప్పై కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్ల వరకు అవసరం. మాయ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడకండి. బొడ్డుకు టించర్ అయోడిన్ పూయండి. గేదె దూడలను ఎక్కువగా చంపేది ఏలికపాములు అనే కడుపు పురుగులు. వాటి పిల్లపురుగులు తల్లిపాలలోనే దూడకు చేరతాయి. పేడ మట్టిరంగులోకి మారి, జిగటగా, భరించరాని కంపు కొడుతూ, దూడ పొట్ట ఉబ్బి వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయంటే అది ఏలికపాముల పనేనని అనుమానించాలి. అంతవరకూ ఆగకుండా, పుట్టిన పది నుంచి పదిహేను రోజుల మధ్యనే వైద్యుడు చెప్పిన మోతాదులో నట్టల మందు తాగించి, ఆ తరువాత ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి పేడ చూపించి అవసరాన్ని బట్టి వేయించండి. రెండో వారం నుంచి దూడల దాణా గుప్పెడు, లేత గడ్డి పరకలు అందుబాటులో ఉంచితే, పాలు క్రమంగా తగ్గించుకుంటూ రావచ్చు. మూడు నెలలు దాటించి మేపేవారికి అమ్ముకున్నా మీకు నష్టం ఉండదు.

ప్రశ్న: ఈ వ్యాపారంలో చట్టపరమైన చిక్కులు ఉన్నాయని భయపెడుతున్నారు. నిజమేనా?
— ఒక యువరైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం అమలులో ఉంది. ఆవును, ఆవు దూడను, గేదె దూడను వధించడం నేరం. పెద్ద గేదెలు, దున్నల విషయంలో, ఇక పాడికి గానీ వ్యవసాయానికి గానీ సంతతికి గానీ లాభసాటి కాదని అధికారి ధ్రువీకరించిన వాటిని మాత్రమే, అనుమతి ఉన్న చోట వధించవచ్చు. మీరు చేసేది పెంపకం, అమ్మకం. పెంపకానికి ఈ చట్టంలో అడ్డు లేదు. అయినా మీరు అమ్మిన పశువు దారిలో పట్టుబడితే మీ పేరే ముందు వస్తుంది. కాబట్టి పన్నెండంకెల చెవిపోగు వేయించండి, కొన్న రసీదు, అమ్మిన రసీదు, ప్రయాణానికి పశువైద్యుడి ధ్రువపత్రం దాచుకోండి, లారీలో కుక్కి పంపే వ్యాపారికి అమ్మకండి. దూడ వయసులోనే కొంటామని వచ్చేవారికి, వారు ఎంత ధర చెప్పినా, ఇవ్వకండి.

ప్రశ్న: మన ఒంగోలు జాతితో బ్రెజిల్ మాంసం వ్యాపారంలో అగ్రస్థానానికి చేరింది. మనం ఎందుకు చేయలేకపోయాం?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఒంగోలు సంతతి అక్కడ నెల్లూరు పేరు మీదే నెలోర్‌గా స్థిరపడి, బ్రెజిల్ మాంసపు మందలలో అత్యధిక భాగం అయింది. చివరి పెద్ద దిగుమతులు 1960ల తొలి సంవత్సరాలలో జరిగాయి. ఇక్కడ ఆవు విషయంలో ఉన్న చట్టం, నమ్మకం వేరు. ఆ పోలికను మన గేదెల దాకా మాత్రమే తీసుకురావచ్చు. అక్కడి మందలు ఎక్కువగా విశాలమైన పచ్చిక బయళ్ల మీద మేస్తాయి, మన దగ్గర ఆ భూమి లేదు. ఆ బయళ్ల కోసం అమెజాన్ అడవి ఎంత నరికివేతకు గురైందో కూడా మరచిపోకూడదు. వారి దగ్గర నేర్చుకోవలసింది, ప్రతి పశువు బరువునూ తూచి నమోదు చేయడం, చూలు కట్టని పశువును మొహమాటం లేకుండా మంద నుంచి తప్పించడం.

ప్రశ్న: కోత యంత్రం వదిలిన వరిగడ్డిని మా ఊళ్లో తగలబెడుతున్నారు. దాన్ని దూడలకు వాడుకోవచ్చా? పేడ, మురుగు మాటేమిటి?
— ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: తప్పకుండా వాడుకోండి. కట్టలు కట్టే యంత్రంతో చుట్టించి తెచ్చుకున్న వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు మాగనివ్వండి. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి, ఘాటు పోయాక పెట్టండి. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి, దూడ ఎక్కువ తింటుంది. ఆరు నెలల లోపు దూడలకు ఇది పనికిరాదు. యూరియా కలిపిన నీళ్ల బకెట్టును పశువుకు అందేటట్టు వదిలితే అరగంటలో ప్రాణం మీదికి వస్తుంది, ఈ విషయంలో పిల్లలకు, కూలీలకు కూడా గట్టిగా చెప్పి ఉంచండి.

పేడను గోబర్ గ్యాస్ తొట్టెకు, అక్కడి నుంచి వచ్చే మడ్డిని (స్లర్రీని) నేపియర్ మడికి మళ్లిస్తే రసాయన ఎరువు ఖర్చు చాలావరకు తగ్గుతుంది. పశువు నెమరు వేసేటప్పుడు వదిలే, వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు గురించి ఈ మధ్య చర్చ జరుగుతున్నది. అక్కడ కూడా మొదట చెప్పిన లెక్కే వర్తిస్తుంది: మూడేళ్లు మేసి 300 కిలోలు చేరే పశువు కంటే, రెండేళ్లకే ఆ బరువు చేరే పశువు, కిలో మాంసానికి వదిలే వాయువు తక్కువ. ఇక వేసవిలో గేదె జాతికి చెమట గ్రంథులు తక్కువ కాబట్టి, పదకొండు గంటల నుంచి నాలుగు గంటల వరకు నీడ, రెండు మూడు సార్లు నీళ్లు చల్లడం తప్పనిసరి. ఎండకు రొప్పే దూడ మేత మానేస్తుంది, ఆ రోజు దాని మీద పెట్టిన ఖర్చు వృథా.

ప్రశ్న: దీనికి రుణం, సబ్సిడీ దొరుకుతాయా?
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: జాతీయ పశుధన మిషన్ పారిశ్రామికవేత్తల పథకంలో సగం వరకు రాయితీ ఇచ్చేది గొర్రెలు, మేకలు, పందులు, నాటుకోళ్లు, పశుగ్రాసం వంటి యూనిట్లకు, దున్నదూడల మేపుకు కాదు. మీరు అమ్మకానికి పచ్చిగడ్డిని పాతర వేసే (సైలేజ్) యూనిట్ పెట్టాలనుకుంటే ఆ పథకం పనికివస్తుంది. మేత ఖర్చులకు మాత్రం పశుపోషకులకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తున్నారు. దూడ చెవిపోగు నంబరుతో బీమా చేయించుకోండి, పశువుకు ప్రాణాపాయం వచ్చినప్పుడు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. బీమా సొమ్ము రావాలంటే చనిపోయిన పశువు చెవికి పోగు ఉండి తీరాలి. ఊడిపోతే అదే రోజు వైద్యుడికి చెప్పి కొత్తది వేయించి, ఆ నంబరు బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి.