హెల్సింకీలో తొలి చలికాలానికి ముందు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నవంబరులో ఇక్కడ ఉద్యోగంలో చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పెట్టెలో అప్పుడే రగ్గు కూడా సర్దిందట. అది తీసేసి ఆ చోట ఆవకాయ పెట్టుకో. హెల్సింకీలో ఇళ్లూ బస్సులూ వెచ్చగానే ఉంటాయి. లావుపాటి స్వెట్టర్ ఒక్కటే వేసుకుని బస్సెక్కితే చెమటలు పడతాయి. పలచటివి మూడు వేసుకుంటే ఒక్కొక్కటే విప్పుకోవచ్చు.

18 చలికాలాలు గడిపాక చెబుతున్నాను, చలికన్నా చీకటే మొండిది. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఉదయం 9:24 ప్రాంతంలో వచ్చి, మధ్యాహ్నం మూడుంపావుకల్లా వెళ్లిపోతాడు. ఆఫీసుకు వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. భోజనం వేళ పావుగంట బయట తిరుగు, మబ్బు పట్టినా సరే. అందరి కోట్లకూ తాడుతో వేలాడే మెరుపు బిళ్లలు చూసి పిల్లల ఆటవస్తువులనుకున్నాను మొదట్లో. చీకట్లో రోడ్డు మీద నడిచేవాళ్లకు రిఫ్లెక్టర్ ఉండాలని ఇక్కడ చట్టమే ఉంది. కారు దీపాల వెలుగు పడేలా మోకాలి ఎత్తుకు వేలాడదీసుకో.

అసలు నేర్చుకోవలసింది నడక. మంచు కురిసిన రోజు ఏమీ కాదు. అది కరిగి మళ్లీ గడ్డకట్టిన మర్నాడే గండం. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని దర్జాగా నడిచి, మా మెట్ల ముందే వెల్లకిలా పడ్డాను. వారం రోజులు కూర్చోలేకపోయాను. మా కింది వాటాలో ఉండే ముసలావిడ ఎనభై దాటినా ఒక్కసారీ పడలేదు. కిటికీలోంచి ఆమెను చూసే నేర్చుకున్నాను. అడుగులు చిన్నవి, పాదం మొత్తం ఒకేసారి ఆనిస్తుంది, చేతులు రెండూ బయటే. కంకర చల్లిన చోటు వెతుక్కుని మరీ అడుగేస్తుంది. బూట్లకు మేకులున్న రబ్బరు తొడుగులు కూడా వేసుకుంటుంది. దుకాణం గుమ్మంలో మాత్రం వాటిని తీసేస్తుంది, నున్నటి టైల్స్ మీద ఆ మేకులే జారుస్తాయి కాబట్టి.

ఇంకో సంగతి. బాల్కనీలో చంటిబిడ్డను బండిలో పడుకోబెట్టి తలుపు వేసుకుంటారు. కంగారుపడకు. నేను కంగారుపడి వెళ్లి తలుపు తట్టాను! ఆ తల్లి నన్ను తీసుకెళ్లి చూపించింది. ఉన్ని సంచిలోంచి ముక్కు ఒక్కటే కనిపిస్తోంది, బిడ్డ హాయిగా గుర్రు పెడుతోంది. తర్వాత కాఫీ ఇచ్చింది. పలకరిస్తే తప్ప పలకరు అనుకునే పొరుగువాళ్లలో నాకు మొదట దొరికిన స్నేహితురాలు ఆవిడే. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో బూట్లు విప్పాలి, ఆ అలవాటు మాత్రం మనదే.

దోసెల పిండి పులియడానికి ఓవెన్‌లో దీపం మాత్రం వెలిగించి గిన్నె పెట్టు. వేడి పెట్టవద్దు. మీ పెదనాన్న ఓసారి పెట్టేశారు, పిండి గిన్నెలోనే ఉడికి కూర్చుంది.

బూట్లు అక్కడ కొనకు. నీ కాలి కొలత పంపు. ఉన్ని మేజోళ్లు పట్టేలా ఒక సైజు పెద్దవి విమానాశ్రయానికి తెస్తాను.

నీ పెద్దమ్మ