రేక్యవిక్ ఈతకొలనులో షవర్ దగ్గర ఆపేస్తే ఏం చేయాలి?

స్విమ్‌సూట్‌తోనే షవర్ కింద నిలబడ్డందుకు సిబ్బంది వెనక్కి పంపారని రాశారు. అది మీ మీద కోపం కాదండీ, అక్కడ అందరికీ అదే రూలు. ఐస్‌లాండ్ కొలనుల్లో క్లోరిన్ బాగా తక్కువ వేస్తారు, అందుకే ఒళ్లు కడుక్కునే దిగాలి.

చెప్పులు లాకర్ గది బయటే వదలాలి. బట్టలన్నీ లాకర్‌లో పెట్టి, టవల్, స్విమ్‌సూట్ చేతిలో పట్టుకెళ్లండి. టవల్ షవర్ల పక్కనున్న అరలో పెట్టేయండి. బట్టల్లేకుండా సబ్బుతో తల, చంకలు, గజ్జలు, పాదాలు రుద్దుకోవాలి. గోడ మీది బొమ్మలో రంగు వేసి చూపించేవి ఇవే. సబ్బు సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆ తర్వాతే స్విమ్‌సూట్.

ఆడవాళ్లకీ మగవాళ్లకీ గదులు వేరు, ఎవరూ ఎవర్నీ చూడరు. అయినా మొహమాటంగా ఉంటే తెర ఉన్న షవర్ ఉందా అని కౌంటర్‌లో అడగండి, కొన్నిచోట్ల ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు చాలామంది పొరపడేది ఇంకోటుంది: షవర్ల దగ్గరే పూర్తిగా తుడుచుకోవాలి. నీళ్లోడుతూ లాకర్ల దగ్గరికొస్తే మళ్లీ మాట పడాల్సిందే.

వేడినీటి తొట్లు 38 నుంచి 44 డిగ్రీల దాకా ఉంటాయి. 38తో మొదలుపెట్టండి.