అజొల్లా గుంతలో డక్‌వీడ్ చేరింది, తీసేయాలా?

ప్రశ్న: సార్, మాది నల్గొండ జిల్లా. నాలుగు గేదెలున్నాయి. ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు గుంతలో షీటు పరిచి వాటి మేతకు అజొల్లా (నీటిపై తేలే చిన్న మొక్క) పెంచుతున్నాను. చలికాలమంతా పచ్చగా వచ్చింది. మార్చి చివర నుంచి ఎర్రబడుతోంది, చేత్తో తీస్తే వేర్లు ఊడిపోతున్నాయి. బలం కోసమని వారానికి రెండు తట్టల పేడ వేస్తున్నాను. ఇప్పుడు మధ్యలో పెసరబద్దంత ఆకులతో ఇంకో మొక్క అల్లుకుంటోంది. అజొల్లాను చంపుతున్నది అదేనా? గేదెలు తింటే ప్రమాదమా?

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి ఆ చిన్నాకుల మొక్క డక్‌వీడ్. అజొల్లాను చంపుతున్నది అది కాదు. ఎండకు తట్టుకోలేక అజొల్లా పలచబడిన చోట అది చేరింది. దాన్ని పెంచుతున్నది మాత్రం మీ పేడ తట్టలే.

అజొల్లా ఆకు పొరల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అదే పెడుతుంది. కాబట్టి అజొల్లాకు నీటిలో నత్రజని పెద్దగా అక్కర్లేదు, భాస్వరం మాత్రం కావాలి. డక్‌వీడ్‌కు ఈ వసతి లేదు, నత్రజనిని నీటిలోంచే తీసుకోవాలి. పేడ ఎక్కువై నీటిలో నత్రజని ఉండే అమ్మోనియా పెరిగితే దానికి పండగ. అనుకూలిస్తే రెండు మూడు రోజుల్లోనే రెట్టింపవుతుంది. పైగా ఉన్న కాస్త భాస్వరానికీ పోటీకి వస్తుంది.

అజొల్లాకు 20 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. 35 దాటితే నీరసిస్తుంది. మీ దగ్గర ఏప్రిల్ ఎండ సంగతి నేను చెప్పాలా! ఎర్ర రంగు ఎండ వల్లా వస్తుంది, భాస్వరం చాలకపోయినా వస్తుంది. నీడ ఉన్న అంచున కూడా ఎర్రగానే ఉంటే భాస్వరం లోటును అనుమానించండి. వేర్లు ఊడటం మాత్రం మొక్క బాగా ఇబ్బంది పడుతోందనడానికి గుర్తు.

అయితే డక్‌వీడ్‌ను మొత్తం ఏరేయాలని తంటాలు పడొద్దు. నాలుగు ఆకులు మిగిలినా మళ్లీ వస్తుంది. ఈ ఎండల్లో అది కొంత మేలు కూడా చేస్తోంది. నీటి మీద ఖాళీ ఉంటే ఎండ లోపలికి దిగి పాచి పడుతుంది. పాచి పెరిగిన నీటిలో పగటిపూట పీహెచ్ (క్షార గుణం) పైకి పోతుంది. అప్పుడు పేడ నుంచి వచ్చే అమ్మోనియా మొక్కలకు మరింత విషమవుతుంది. డక్‌వీడ్ ఆ ఖాళీని కప్పుతుంది, అమ్మోనియానూ కొంత లాగేస్తుంది. సగానికి మించి పరుచుకుంటేనే జల్లెడతో పైపైన తీసేయండి.

ముందు గుంతపై 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టండి, లేదా కొబ్బరి మట్టలతో పందిరి వేయండి. పేడ ఒక పది రోజులు ఆపండి. తర్వాత అయిదు రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) నీటిలో కలిపి పోస్తే మీ గుంతకు చాలు. ఇంట్లో ఉంది కదా అని డీఏపీ వేయకండి, అందులోని నత్రజని మళ్లీ డక్‌వీడ్‌కే చేరుతుంది. నీరు ఆవిరైన కొద్దీ బోరు నీళ్లు నింపుతూ పోతే ఉప్పు పేరుకుంటుంది. అందుకే పది రోజులకోసారి పావు వంతు పాత నీరు తీసి కొత్త నీరు పెట్టండి. తీసిన నీటిని కూరగాయల పాదులకు పోసుకోవచ్చు.

అజొల్లా కిక్కిరిసినా నీరసిస్తుంది, రోజూ కొంత తీస్తూనే ఉండండి. ఎర్రబడి కుళ్లు వాసన వచ్చేది ఎరువుకుప్పలో వేయండి. పచ్చగా ఉన్నదాన్ని డక్‌వీడ్ కలిసినా సరే, పేడ వాసన పోయేదాకా రెండు మూడు సార్లు కడిగి దాణాలో కలిపి గేదెలకు పెట్టవచ్చు. కొద్దికొద్దిగా అలవాటు చేసి, గేదెకు రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోల దగ్గర ఆపండి. మురుగునీరు చేరే కుంటల్లోని డక్‌వీడ్‌ను మాత్రం మేతకు తేవద్దు, నీటిలోని భార లోహాలను అది తనలోకి లాక్కుంటుంది.

ఇంకొక్క మాట. ఆరోగ్యంగా ఉన్న అజొల్లా దోసెడు ఏరి, డక్‌వీడ్ లేకుండా కడిగి, చెట్టు నీడన తొట్టిలో వేసి ఉంచండి. మే ఎండకు గుంత దెబ్బతిన్నా విత్తనానికి ఇంకొకరి దగ్గరకు వెళ్లే పని ఉండదు.