సలహాల పెట్టె ఖాళీగా ఉంటే ముందు జీతం లెక్క చూడండి

అన్నా, అల్లూరు వైపు రొయ్యల గుంటలకు నీళ్ల పరీక్షలు చేసే మీ ల్యాబులో 14 మంది ఉన్నా, మూడు నెలల్లో సలహాల పెట్టెలో ఒక్క చీటీ పడలేదన్నారు. కుర్రాళ్లకు తెలివి లేక కాదు. శాంపిల్‌కు ఇంతని ఇన్సెంటివ్ పెట్టారు కదా, గట్టు మీద రైతుతో పది నిమిషాలు మాట్లాడితే వాళ్ల డబ్బు పోయినట్టే. కొత్త సర్వీసులకు దారి దొరికేదేమో ఆ గట్టు మీదే. రిపోర్టులో అమోనియా అంకె చూసి రైతు "ఇప్పుడేం చెయ్యాలబ్బా?" అంటాడు. ఆ మాట కుర్రాడి చెవిన పడుతుంది, మీ దాకా రాదు.

ఇన్సెంటివ్‌లో కొంత భాగం నెలజీతంలో కలపండి. వారానికి 30 నిమిషాలు కూర్చొని, ఒక్కొక్కరినీ రైతు అడిగిన ఒక ప్రశ్న చెప్పమనండి. అందులో ఒకటి తీసుకొని, దానికి కుర్రాళ్లు చెప్పిన ఉపాయాన్ని ఐదు గుంటల మీద రెండు వారాలు చేసి చూడండి. 2,000 రూపాయల లోపు ఖర్చుకు మీ సంతకం అక్కర్లేదనండి (రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో ఉద్యోగులకు ఒక్కో అతిథి కోసం 2,000 డాలర్ల దాకా ఈ స్వేచ్ఛ ఉంది). కుదరని సలహాకైనా వారంలోపు కారణం చెప్పాలి, లేకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ప్రయోగాలు రిపోర్టు తీరులో, శాంపిల్ తెచ్చే వేళల్లోనే చెయ్యనివ్వండి. రొయ్యల్లో వైరస్ జబ్బులను పట్టే పీసీఆర్ పరీక్ష పద్ధతిని ఎవరూ ముట్టుకోకూడదు.