చర్మంపై పరిశోధన చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి విశాఖలోనే బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఇప్పుడు చర్మం, కణాల మీద పరిశోధన చేసి సైంటిస్టు అవుతానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఈ దారిలో ఎన్నేళ్లు పడుతుంది? మధ్యలో సంపాదన ఉంటుందా?

జవాబు: చర్మ వైద్యానికైతే ఎంబీబీఎస్, ఆపైన ఎండీ లాంటి పీజీ తప్పనిసరి. పరిశోధనకు అవి అక్కర్లేదు. అలాగని చర్మం పేరుతో ఉన్న ఎమ్మెస్సీ కోసం వెతక్కండి. పీహెచ్‌డీకి ల్యాబ్ ఎంచుకున్నప్పుడే చర్మం అనే అంశం వస్తుంది. అప్పటిదాకా అమ్మాయి గట్టిగా పట్టుకోవాల్సింది సెల్ బయాలజీ, మాలిక్యులర్ బయాలజీ, ఇమ్యునాలజీ, కొంత స్టాటిస్టిక్స్.

ఎమ్మెస్సీకి ఊరు దాటాల్సిన పని లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, హ్యూమన్ జెనెటిక్స్ ఉన్నాయి. ఏపీ పీజీసెట్ రాయాలి. దాంతోపాటు బయోటెక్నాలజీ పీజీ కోర్సుల జాతీయ ప్రవేశ పరీక్ష గ్యాట్-బి కూడా రాయించండి. ఆ పరీక్షతో వచ్చే సీట్లకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం స్టైపెండ్ ఇస్తుంది. ఎక్కడ చేరినా చివరి సెమిస్టర్ ప్రాజెక్టు మాత్రం జంతు కణాలను రోజూ పెంచుతున్న ల్యాబ్‌లోనే చేయాలి. హుడ్, ఇంక్యుబేటర్ లాంటి కణాలు పెంచే పరికరాలు ఉన్నాయని చూపిస్తే సరిపోదు, అందులో ఈ వారం ఏ కణాలు పెరుగుతున్నాయో అడగండి.

ఇంతగా చెప్పడానికి కారణముంది. చర్మ కణాలు పుస్తకం చదివితే లొంగవు. పై పొరలోని కెరటినోసైట్లనే తీసుకోండి. వీటిని క్యాల్షియం తక్కువగా, లీటరుకు 0.1 మిల్లీమోల్ లోపు ఉండే మీడియంలో (కణాలకు ఆహారమైన ద్రవంలో) పెంచుతారు. కొత్తవాళ్లు అలవాటు కొద్దీ మామూలు మీడియం, అందులో 10 శాతం సీరం (జంతు రక్తం నుంచి తీసిన ద్రవం) పోస్తారు. అందులోని క్యాల్షియానికి కణాలు ఒకదానికొకటి అతుక్కుని, ముదిరిపోయి, విభజన ఆపేస్తాయి. ఫ్లాస్క్ నుంచి లేపేటప్పుడూ అంతే. కింది పొరలోని ఫైబ్రోబ్లాస్టులు ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో రెండు మూడు నిమిషాల్లో ఊడి వస్తాయి, కెరటినోసైట్లకు ఇంకాస్త సమయం కావాలి. తొందరపడి గట్టిగా పిపెట్ చేస్తే పగిలిపోతాయి, మరీ వదిలేస్తే ట్రిప్సిన్ వాటి పైనున్న ప్రొటీన్లను తినేస్తుంది. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకితే మీడియం మసకబారదు. దానికి కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. నెలకోసారి పీసీఆర్‌తో చూసుకోకపోతే నెలల తరబడి చేసిన ప్రయోగాలు చెత్తబుట్టలోకి పోతాయి. ఈ పని ఆరు నెలలు చేశాక కూడా ఇష్టం నిలిచిందంటే ఆ కోరిక నిజమైనదే, అడ్డు చెప్పకండి.

ఈ కష్టానికి ఫలితం పెద్దది. మనిషి కెరటినోసైట్లను ల్యాబ్‌లో పెంచే పద్ధతిని 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ పునాది మీదే, జన్యులోపంతో ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోతున్న ఏడేళ్ల బాబుకు, వాడి సొంత కణాల్లో జన్యువును సరిచేసి పెంచిన చర్మాన్ని ఒంటి మీద సుమారు 80 శాతం మేర అతికించారు. ఆ ఫలితం 2017లో ప్రచురితమైంది.

ఇక సంపాదన. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత వేరే ల్యాబ్‌లో చేసే పరిశోధన) మరో రెండు నుంచి నాలుగేళ్లు. సొంత ల్యాబ్ వచ్చేసరికి ముప్పై దాటుతుంది, ఈ విషయం ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. అయితే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ కోసం అప్పు చేయొద్దు. లైఫ్ సైన్సెస్ నెట్ పేపర్ ఎ, బి, సి భాగాలుగా 200 మార్కులకు ఉంటుంది, అందులో 100 ఒక్క సి భాగానివే. 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. చాలామంది బి భాగం బట్టీపట్టి ఇక్కడ దెబ్బతింటారు, ఎందుకంటే సి భాగంలో ప్రయోగ ఫలితాలు, గ్రాఫులు ఇచ్చి ఆలోచించమంటారు.

ఎమ్మెస్సీతోనే ఆగినా చేసిన పని వృథా కాదు. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది, దాంతో కణాల మీద చేసే పరీక్షలకు విలువ పెరిగింది. ఒంటికి తగిలే వైద్య పరికరాలకూ కణవిష పరీక్ష (కణాలకు హాని చేస్తాయో లేదో చూసేది) కావాలి. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే పార్కు ఏఎంటీజడ్ ఉంది కాబట్టి ఈ పరీక్షలు తెలిసి ఉండటం మంచిది. బీఈడీ ఆ తర్వాతైనా చేయొచ్చు.

పీహెచ్‌డీకి పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీ, చర్మ వర్ణం మీద పని జరిగిన ఢిల్లీ ఐజీఐబీ, చర్మ గాయాల మీద పరిశోధన జరిగిన బెంగళూరు ఇన్‌స్టెమ్ చూడండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు అక్కడి సీనియర్లను అమ్మాయి రెండు విషయాలు అడగాలి. ఈ ల్యాబ్‌లో పీహెచ్‌డీ ఎన్నేళ్లలో ముగుస్తోంది? మనిషి చర్మం నమూనాలు ఏ ఆసుపత్రి నుంచి వస్తున్నాయి, ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చిందా? రెండోదానికి ‘త్వరలో వస్తుంది’ అన్నారంటే, మొదటి ఏడాది ఎదురుచూపుల్లోనే పోయే ప్రమాదం ఉంది.